ఒక్క రోజు ముందే అరవై నింపేసిన దొరవారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ వయసు లెక్కగట్టే అధికారి గారి సముఖానికి, జులై ఒకటిన పుట్టినట్టు రికార్డుల్లో ఉన్న ఒక కేంద్ర ప్రభుత్వోద్యోగి రాసుకునే విన్నపం.

అయ్యా, మీ పేరుతో ఏ ఆఫీసులోనూ బోర్డు కనపడలేదు. కానీ పరీక్షల దరఖాస్తు నుంచి పింఛను కాగితం దాకా అన్నింట్లోనూ మీ చెయ్యి ఉంది. అడ్రసు దొరక్కే పత్రికకెక్కాను.

నా పుట్టినతేదీ 1966 జులై 1. ఏ నెలలో అరవై నిండితే ఆ నెలాఖరున ఇంటికి పంపడం రూలు. ఆ లెక్కన 2026 జులై 31 దాకా జీతం వస్తుందని మా ఆవిడ ఇంటి లోను వాయిదాలు కూడా సర్దుకుంది. కాదట, జూన్ 30కే ఆఖరట. ఒకటో తేదీన పుట్టినవాళ్లు ముందు నెలాఖరుకే దిగిపోవాలని ఫండమెంటల్ రూల్స్‌లో 56వ రూలు చెబుతోంది. మీ తర్కం నాకు తెలుసు. చట్టానికి రోజులో ముక్కలు లేవు. తెల్లవారుజామున పుట్టినా, రాత్రి పదకొండింటికి పుట్టినా ఆ రోజంతా బతికినట్టే. కాబట్టి అరవయ్యో ఏడు జూన్ 30 అర్ధరాత్రితో సరి. కూడికలో తప్పు పట్టను.

కానీ కవలల్ని తలుచుకోండి. జులై 1 రాత్రి పన్నెండుకు పది నిమిషాల ముందు ఒకడు, పన్నెండు దాటిన పది నిమిషాలకు ఇంకొకడు పుట్టారు. ఇద్దరూ ఒకే ఆఫీసులో పనిచేస్తున్నారు. అన్నకు జూన్ 30న శాలువా కప్పేస్తారు, తమ్ముడు జులై 31 దాకా కుర్చీలోనే ఉంటాడు. ఇరవై నిమిషాలకు నెల జీతం! పైగా ఇద్దరికీ ఇంక్రిమెంటు పడేది జులై 1న. ఏడాదంతా సమానంగా చాకిరీ చేసినా, ఆ పొద్దుటికి అన్న మాజీ. 2023 ఏప్రిల్‌లో కర్ణాటక విద్యుత్ సంస్థ కేసులో, చేసిన ఏడాది పనికి ఇంక్రిమెంటు ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు అంది. తర్వాత మీవాళ్లు పింఛను లెక్క వరకు నోషనల్‌గా, అంటే కాగితం మీద మాత్రం, కలుపుతామన్నారు. అంతవరకు మీకు దండాలు. నెల జీతం ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

ఈ ఒక్క రోజు కోత ఉద్యోగం పోయేటప్పుడే కాదు, వచ్చేటప్పుడూ ఉంది. 1984 జనవరి 1కి ఇరవై ఎనిమిది నిండకూడదన్న ఉద్యోగానికి రాజస్థాన్‌లో ఒకాయన దరఖాస్తు పెట్టాడు. పుట్టింది 1956 జనవరి 2. మామూలు మనుషుల లెక్కలో ఒక రోజు చేతిలో ఉంది. కానీ జనవరి 1తోనే నిండాయి పొమ్మని 1986లో సుప్రీంకోర్టు తేల్చింది.

మరి 1875 నాటి మెజారిటీ చట్టం ఏమంటోందో చూశారా? పుట్టినరోజును పూర్తి రోజుగానే లెక్కెయ్యమంటూ, మేజరయ్యేది మాత్రం పద్దెనిమిదో పుట్టినరోజు మొదలైనప్పుడు అంటుంది. ఉన్నది ఒకే అర్ధరాత్రి. హక్కులిచ్చేటప్పుడు దాన్ని మర్నాటి ఖాతాలో వేస్తారు, కుర్చీ ఖాళీ చేయించేటప్పుడు ముందురోజు ఖాతాలో వేస్తారు. ఈ ఖాతాల మార్పిడిలో ఒక్కసారైనా మాకు లాభం వచ్చిందేమో మీరే చూసి చెప్పండి.

ఇంతకీ ఈ జులై 1 ఎక్కడిది? బళ్లో చేర్చినరోజు మేష్టారు నా కుడిచేతిని తలమీదుగా తిప్పి ఎడమచెవి పట్టుకోమన్నారు. అందింది. అయితే ఐదేళ్లు నిండాయని, అక్కణ్నుంచి వెనక్కి లెక్కేసి జులై 1 వేశారు. మా తరగతిలో చాలామందికి అదే పుట్టినరోజు. మా అమ్మ లెక్క వేరు. విశాఖ ఉక్కు ఉద్యమం మీద కాల్పులు జరిగినప్పుడు నేనింకా కడుపులో ఉన్నానంటుంది. ఆ కాల్పులు 1966 నవంబర్ 1న జరిగాయి. అంటే ఆ రోజుకి రికార్డులో నాకు నాలుగు నెలలు, అమ్మ దగ్గర ఇంకా పుట్టనేలేదు. ఆవిడ సాక్ష్యానికి స్టాంపు లేదు. తేదీ దిద్దించుకోవాలంటే ఉద్యోగంలో చేరిన ఐదేళ్లలోపే అడగాలి. ఆ వయసులో రిటైర్మెంటు సంగతి ఎవడికి పట్టింది? ఆధార్ చూపిద్దామంటే, అది పుట్టినతేదీకి రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పి బడి సర్టిఫికెట్టు వైపే మొగ్గింది. తిరిగి తిరిగి మళ్లీ మేష్టారి దగ్గరికే వచ్చాం. ఆయన చెవి పట్టించి వేసిన అంచనాను మీరు అర్ధరాత్రి గడియారం పెట్టి కొలుస్తున్నారు.

అందుకని రెండే మనవులు. ఆ అర్ధరాత్రి ఏ రోజుదో తేల్చి, అన్ని చట్టాల్లోనూ ఒకేలా రాయించండి. మాకు నష్టమైనా సరే, కిమ్మనం. అది కుదరకపోతే ఒకటో తేదీ వాళ్లకూ అందరిలాగే ఆ నెలాఖరు దాకా గడువివ్వండి. అదీ కుదరకపోతే ఒక్క సందేహం తీర్చండి చాలు. రూలు ప్రకారం నేను జూన్ 30 మధ్యాహ్నమే విరమణ చేయాలి, అరవై మాత్రం అర్ధరాత్రికి గానీ నిండదు. ఆ మధ్య గంటల్లో నేనెవరి మనిషిని?

జవాబు జూన్ 30 లోపు పంపితే ఆఫీసుకు, తర్వాతైతే ఇంటికి. కాస్త ముందుగానే పోస్టు చేయండి. మా వీధి పోస్ట్‌మ్యాన్‌దీ అదే సంవత్సరం, అదే తేదీ. ఆయనా ముందురోజే వెళ్లిపోతున్నాడు.

ఇట్లు,
జులై ఒకటోళ్లలో ఒకడు