కొత్త కారుకు పాత సలహాలు

కారు షోరూం నుంచి వచ్చి ఇంటి ముందు ఆగిందంటే చాలు, సలహాలు మొదలవుతాయి. బావమరిది ఒకటి చెబుతాడు, పై ఫ్లాటాయన ఇంకోటి, సీటు కవర్ల షాపు కుర్రాడు మరోటి. అందరూ మన మేలు కోరే చెబుతారు. కానీ వాటిలో చాలావరకు కార్బొరేటర్ల కాలం నాటివి, లేదంటే సరుకు అమ్ముడుపోవాలని షాపులో పుట్టినవి. స్విఫ్ట్, వ్యాగన్ఆర్, ఐ20, టియాగో లాంటి చిన్న కార్లు రోజూ ఆఫీసుకి, సెలవొస్తే సొంతూరికి తిరిగే బండ్లు. ముచ్చటపడి కొనుక్కున్న కారుకు ముస్తాబు చేసుకోవడంలో తప్పేమీ లేదు, చేసుకోవాలి కూడా. ఆ డబ్బు ఎక్కడ పెడుతున్నామన్నదే అసలు సంగతి. వినగానే నిజమే కదా అనిపించే ఎనిమిది సలహాలు కింద ఇస్తున్నాను. ఒక్కటి కూడా పాటించకండి.

1. "రోజూ పొద్దున్నే తుడిపించు, ఎప్పుడూ కొత్తగా ఉంటుంది"

పెయింటు పైన ఉండే క్లియర్‌కోట్ పొర వెంట్రుక మందం కూడా ఉండదు. రాత్రంతా దాని మీద పడ్డ దుమ్ములో ఇసుక ఉంటుంది. పొడి గుడ్డతోనో, పది కార్లకు కలిపి ఒకే బకెట్లో ముంచిన తడి గుడ్డతోనో తుడిస్తే, ఆ ఇసుకతో పెయింటును రుద్దినట్టే. ఏడాది తిరిగాక ముదురు రంగు కారును రాత్రిపూట పెట్రోలు బంకు లైట్ల కింద ఆపి చూడండి. లైటు ప్రతిబింబం చుట్టూ సన్నటి గీతలు సాలెగూడులా కనిపిస్తాయి. ఇందులో తుడిచే మనిషి తప్పేమీ లేదు. మనం చేయమన్న పనే అది.

వారానికోసారి కడిగితే చాలు. ముందు పైపుతో నీళ్లు కొట్టి ఇసుకంతా జారిపోనివ్వాలి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి షాంపూ నీళ్లకి, రెండోది గుడ్డ జాడించడానికి. టాపు దగ్గర మొదలుపెట్టి కిందికి రావాలి, చక్రాలకు వేరే గుడ్డ వాడాలి. గిన్నెలు తోమే సబ్బు వద్దు, అది మురికితోపాటు మైనం పూతను కూడా వదలగొడుతుంది. బోరు నీళ్లయితే నీడలో కడిగి, ఆరకముందే మైక్రోఫైబర్ టవల్‌తో అద్దేయాలి. ఎండలో ఆరనిస్తే పట్టే తెల్ల మరకలు ఒక పట్టాన వదలవు. వాహన పూజ రోజు పసుపు, కుంకుమ బానెట్ మీద కాకుండా అద్దం మీద ఒక పక్కన పెట్టండి. తెల్ల పెయింటు మీద పసుపు మరక పడితే పోగొట్టడం కష్టం, అద్దం మీదైతే తడిగుడ్డతో పోతుంది.

2. "సిరామిక్ కోటింగ్ వేయిస్తే ఇక గీత పడదు"

పడుతుంది. బోర్డు మీద గొప్పగా రాసే 9హెచ్ అన్నది పెన్సిల్‌తో చేసే పరీక్షలో వచ్చే అంకె. హైవే మీద లారీ చక్రం విసిరే కంకర రాయికి ఆ అంకెతో పనిలేదు. కోటింగ్ వల్ల నీళ్లు నిలవవు, మురికి తేలిగ్గా వదులుతుంది, నిగనిగ ఎక్కువ కాలం ఉంటుంది. అందుకోసమైతే వేయించుకోండి. గీతల భయమైతే పారదర్శకమైన పీపీఎఫ్ పొర కావాలి. అది కూడా కారంతటికీ అక్కర్లేదు. ముందు బంపరుకి, అద్దాల వెనక భాగానికి, గోళ్లు గీసుకునే డోరు హ్యాండిల్ గుంటలకు వేయించినా చాలు.

3. "ఎండాకాలం కదా, గాలి రెండు పాయింట్లు తగ్గించి కొట్టించు"

అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా ఇదే. వేడికి గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి ముందే తగ్గించాలంటారు. వినడానికి లెక్క సరిగానే ఉంది, టైరులో జరిగేది మాత్రం వేరు. గాలి తక్కువైతే టైరు పక్క గోడలు తిరిగే ప్రతిసారీ ఎక్కువగా వంగుతాయి. అలా వంగడం వల్లే లోపల వేడి పుడుతుంది. మే నెల మధ్యాహ్నం, హైదరాబాదు నుంచి విజయవాడ హైవే, బండి నిండా మనుషులు, డిక్కీలో సామాను, వంద స్పీడు. టైరు పగలడానికి ఇంతకన్నా అనువైన పరిస్థితి ఉండదు. ఎండకు పెరిగే ప్రెషర్‌ను టైరు తయారుచేసినవాళ్లు ముందే లెక్కలోకి తీసుకుంటారు. డ్రైవర్ డోరు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. ఖాళీ బండికి ఎంత, నిండు బండికి ఎంత అన్నది దాని మీదే రాసి ఉంటుంది. పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడు అంత కొట్టించండి, ఏ కాలమైనా సరే.

4. "పెద్ద అల్లాయ్‌లు వేయించు, లుక్కే మారిపోతుంది"

చక్రం సైజు పెంచితే టైరు గోడ తగ్గాలి, మొత్తం ఎత్తు మాత్రం మారకూడదు. 2018 స్విఫ్ట్‌నే చూడండి. కింది వేరియంట్లకు 165/80 ఆర్14, పై వేరియంట్‌కు 185/65 ఆర్15 టైర్లు ఇచ్చారు. మొదటి దాని మొత్తం ఎత్తు సుమారు 620 మిల్లీమీటర్లు, రెండోది 622. ఇంచు మారినా ఎత్తులో తేడా రెండు మిల్లీమీటర్లే. టైరు మీది మొదటి అంకె వెడల్పు. రెండోది ఆ వెడల్పులో గోడ ఎంత శాతమో చెబుతుంది. ఆ గోడను రెండింతలు చేసి, 25.4తో హెచ్చించిన రిమ్ము ఇంచులను కలిపితే ఎత్తు వస్తుంది. షాపులో డబ్బు కట్టేముందు ఫోన్లో ఈ లెక్క వేసుకోండి.

ఎత్తు సరిపోయినా ఒక నష్టం మిగులుతుంది. 14 ఇంచుల టైరులో 132 మిల్లీమీటర్లున్న గోడ, 195/55 ఆర్16కు వెళితే 107కి వస్తుంది. గుంతకూ రిమ్ముకూ మధ్య ఉన్న మెత్తదనమంతా ఆ గోడే. మన వీధుల్లోని స్పీడ్ బ్రేకర్లకు, వానాకాలం గుంతలకు అది కావాలి. అల్లాయ్ డబ్బుతో మంచి టైర్లు కొనండి. కొనేటప్పుడు గోడ మీద డీఓటీ అన్న అక్షరాల వరుస చివర నాలుగంకెలు చూడండి. 1024 అని ఉంటే 2024లో పదో వారం తయారైందని అర్థం. డిస్కౌంట్ ఎందుకిస్తున్నారో ఒక్కోసారి ఆ అంకెలే చెబుతాయి.

5. "ఎల్ఈడీ బల్బులు పెట్టించు, పట్టపగల్లా ఉంటుంది"

ఎదురొచ్చేవాడి కళ్లలోకి పట్టపగల్లా ఉంటుంది. రిఫ్లెక్టర్ హెడ్‌లైటును హాలోజెన్ బల్బులోని సన్నటి తీగ ఉండే చోటును బట్టి మలుస్తారు. అక్కడ వేరే రకం బల్బు పెడితే వెలుగు చెదిరిపోతుంది, రోడ్డు మీద పడాల్సింది గాల్లోకి పోతుంది. హెచ్4 బల్బు 60/55 వాట్లు. దాని బదులు 100/90 పెడితే హోల్డరు, వైర్లు కాగిపోతాయి. ముందు పసుపు పట్టిన లైటు డూమును పాలిష్ చేయించండి, పాత బల్బు తీసి అదే వాటేజీ మంచి బల్బు వేయించండి. స్టీరింగ్ పక్కన 0, 1, 2, 3 అంకెలున్న చిన్న చక్రం ఉంటే దాన్ని వాడండి. డిక్కీ నిండితే ముందు భాగం పైకి లేస్తుంది, అంకె పెంచితే వెలుగు మళ్లీ రోడ్డు మీదికి దిగుతుంది.

6. "ముందు ఒక గార్డ్ బిగించు, బంపరుకు ఏమీ కాదు"

బంపరు, దాని వెనక ఛాసిస్‌కు ముందుండే భాగాలు నలిగిపోవడానికే ఉన్నాయి. అవి నలిగితేనే దెబ్బ మనదాకా రాదు. ఇనప గార్డు ఆ దెబ్బను నేరుగా ఛాసిస్‌కు చేరవేస్తుంది, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ల లెక్క తప్పుతుంది, అడ్డొచ్చిన పాదచారికి ప్రాణం మీదికొస్తుంది. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ ఈ గార్డుల మీద చర్య తీసుకోవాలని రాష్ట్రాలకు రాసింది. 2019 సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు.

7. "సీట్లకు కవర్లు, వైర్లు కోసి మంచి మ్యూజిక్ సిస్టమ్"

ముందు సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అన్న చిన్న గుడ్డ ముక్క కనిపిస్తే, అక్కడ కుట్టు వదిలిన కవరే వేయించాలి. లేకపోతే బ్యాగు విచ్చుకోవాల్సిన క్షణంలో విచ్చుకోదు. దేవుడి బొమ్మను కూడా ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ మూత మీద అంటించకండి, పక్కన పెట్టుకోండి. పాత మ్యాటు మీద కొత్త మ్యాటు వేయకండి, పెడల్ కింద ఇరుక్కుంటుంది. మ్యూజిక్ సిస్టమ్‌కు వైర్లు కోయకుండా మీ మోడల్‌కు సరిపోయే కప్లర్ అడగండి. కోసి టేపు చుట్టిన జాయింటు వారంటీకి చేటు, షార్టయితే మంటలకు దారి. స్పీకర్లు మార్చేముందు డోరు లోపలి రేకుకు డ్యాంపింగ్ షీటు వేయించండి. రేకు అదరడం ఆగితే పాత స్పీకర్లే బాగా పలుకుతాయి.

8. "ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్లో వదిలేయ్, పెట్రోలు మిగులుతుంది"

మిగలదు. ఇంజెక్షన్ ఇంజను గేరులో ఉండి, యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే పెట్రోలు ఆగిపోతుంది. న్యూట్రల్లో అయితే ఇంజను ఆగకుండా ఉండటానికి తాగుతూనే ఉంటుంది. పైగా బరువంతా బ్రేకుల మీద పడి అవి కాగి పట్టు తప్పుతాయి. తిరుమల కొండ దిగినా, శ్రీశైలం, అరకు దారుల్లో దిగినా రెండో గేరులో దిగండి. ఎక్కిన గేరే దిగడానికీ అన్నది మంచి లెక్క.

ఈ ఎనిమిదింటికీ మూలం ఒకటే. చిన్న కారులో టైరు, లైటు, బంపరు, సీటు ఒకదాన్నొకటి చూసుకుని తయారైనవి. ఒకటి మారిస్తే పక్కదాని మీద పడుతుంది. కాబట్టి డబ్బు ఈ వరుసలో పెట్టండి: టైర్లు, బ్రేకులు, లైట్లు, ఆ తర్వాత కడుగుడు సామాను. ఇవి సరిగా ఉన్నాక మ్యాట్ల రంగు, స్టీరింగ్ కవరు, స్పీకర్లు అన్నీ మీ ఇష్టం. అప్పుడు ఏ ఆదివారమైనా ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ఎంత దూరమైనా నిశ్చింతగా వెళ్లి రావచ్చు. కారు కొనుక్కున్నది అందుకే.