స్టాండ్‌బై బావగారు

విమానం తలుపులు మూసి అరగంటైనా కదలకపోతే పైలట్ మైకు అందుకుని "ఏటీసీ క్లియరెన్స్ కోసం ఆగాం" అంటాడు. లోపలున్న 180 మందీ ఆ ఏటీసీని ఎవరికొచ్చిన భాషలో వాళ్లు తిట్టుకుంటారు. ఆ తిట్లన్నీ వెళ్లి తగిలేది మా బావగారికి. విమానం ఆగింది దిగాల్సిన ఊళ్లో పొగమంచు వల్ల కావచ్చు, పైన రద్దీ వల్ల కావచ్చు. పేరు మాత్రం ఆయనది. అదే విమానం వేళకి దిగిందనుకోండి, చప్పట్లు పైలట్‌కి.

మా బావగారు శంషాబాద్‌లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్. శంషాబాద్ అనగానే అందరూ జీఎంఆర్ కంపెనీ అనుకుంటారు. టెర్మినల్ నడిపేది వాళ్లే గానీ, విమానాలకి దారి చెప్పేది మాత్రం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ. ఫిజిక్సు, మ్యాథ్సులతో బీఎస్సీయో, లేదంటే ఇంజినీరింగో చదివి, బ్యాంకు పరీక్షకీ రైల్వే పరీక్షకీ ఫీజు కట్టిన చేత్తోనే దీనికీ కట్టి, ఏది ముందొస్తే అందులో చేరదామనుకుని ఇందులో తేలినవాళ్లు ఈ జాతిలో బోలెడుమంది. తేలాక శిక్షణకి పంపుతారు. బావగారిని అలహాబాద్ పంపారు. అక్కడి శిక్షణ కేంద్రం 1948 నుంచీ ఉంది. అక్కడికి వెళ్లేదాకా తన కొడుకు అందరిలాగే మాట్లాడేవాడని వాళ్లమ్మగారు ఇప్పటికీ చెబుతారు.

ఆయన ఉద్యోగం ఏమిటన్నది మా చుట్టాల్లో ఇంకా తేలలేదు. మా పెద్దత్తయ్య లెక్కలో ఆయన విమానం ముందు నిలబడి రెండు చేతులతో వెలిగే కర్రలు ఊపే మనిషి. "ఎండలో నిలబెడతారా నాయనా" అని జాలిపడి ఓ టోపీ కొనిచ్చింది. అది వేరేవాళ్ల పని అని చెప్పబోయి, ఎందుకులే అని పుచ్చుకున్నారు. అత్తయ్యది మరీ అంత తప్పేం కాదు, కాస్త ఆలస్యమైందంతే. 1929లో అమెరికాలోని సెయింట్ లూయిస్ విమానాశ్రయంలో ఆర్చీ లీగ్ అనే ఆయన కుర్చీ, గొడుగు, మంచినీళ్లు, మధ్యాహ్నం తిండి ఓ తోపుడుబండిలో వేసుకుని రన్‌వే దగ్గర కూర్చునేవాడు. వెళ్లమనడానికి గళ్ల జెండా, ఆగమనడానికి ఎర్ర జెండా. అమెరికాలో ఈ ఉద్యోగానికి ఆదిపురుషుడు ఆయనే. టోపీ ఆయనకి పనికొచ్చేది.

మా చిన్నబాబాయి ఇంకో అడుగు ముందుకేశాడు. ఏటీసీ అంటే ఏసీ బోగీ టీసీ లాంటి పెద్ద టీసీ అని ఆయన నమ్మకం. అమ్మాయి దుబాయ్ నుంచి వచ్చిన ప్రతిసారీ ఫోన్ చేసి "దానికి కిటికీ పక్క సీటు చూడవోయ్" అంటాడు. బావగారు "స్టాండ్‌బై" అంటారు. ఆ మాటకి అవునని కాదు, కాదనీ కాదు. ఆగు, నేనే పిలుస్తాను అని. రేడియోలో అది కొన్ని సెకన్ల సంగతి. కొత్త ఫ్రిజ్ గురించి మా అక్కకి చెప్పిన స్టాండ్‌బై రెండు వేసవులు దాటింది.

అసలు పని చెప్పాలంటే, అద్దాల గదిలో ఒక్క మనిషి కూర్చుని ఆకాశమంతా ఏలుతుంటాడని సినిమావాళ్లు మనకి నేర్పారు. అలాంటిదేం లేదు. ఏ దారిన, ఎంత ఎత్తున వెళ్లాలో చెప్పేది ఒకరు. గేటు దగ్గర్నుంచి వెనక్కి జరిగి రన్‌వే దాకా రమ్మనేది ఇంకొకరు. రన్‌వే ఎక్కనిచ్చేదీ దిగనిచ్చేదీ టవర్. లేచిన కాసేపటికే టవర్ దాన్ని రాడార్ గదిలో ఉన్న అప్రోచ్ వాళ్లకి అప్పజెబుతుంది, వాళ్లు ఇంకాస్త పైకి తీసుకెళ్లి ఏరియా కంట్రోల్‌కి అంటగడతారు. దేశం ఆకాశాన్ని ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై అని నాలుగు పెద్ద వాటాలు వేశారు. 1953లో మద్రాసు నుంచి విడిపోయామని మనం అనుకుంటున్నాం గానీ, పైన ఆ పంపకం ఇంకా జరగలేదు. విజయవాడ, తిరుపతి, హైదరాబాద్ అన్నీ చెన్నై వాటాలోనే ఉన్నాయి. విశాఖపట్నంలో అయితే ఎయిర్‌పోర్టే నేవీది, ఐఎన్ఎస్ డేగ. అక్కడ మన విమానానికి దిగమని చెప్పేది నావికాదళం వాళ్లు.

బావగారు ఉండేది అప్రోచ్‌లో. ఆ గదికి కిటికీ ఉండదు. తెర మీద ఓ గుర్తు, పక్కన విమానం పేరు, ఎత్తు, వేగం. రోజంతా విమానాలతో మాట్లాడి, ఒక్కదాని మొహమైనా చూడకుండా ఇంటికొస్తారు.

ఇంతమందీ కలిసి కాపాడేది ఒకటే. రెండు విమానాల మధ్య ఎత్తులో 1,000 అడుగులైనా తేడా ఉండాలి, లేదా పక్కకి దూరమైనా ఉండాలి. రాడార్ మీద ఆ దూరం సాధారణంగా ఎయిర్‌పోర్టు దాపున 3, ఆపైన 5 నాటికల్ మైళ్లు. రెంట్లో ఒకటుంటే చాలు. రెండూ పోయాయంటే కంట్రోలర్‌ని కుర్చీలోంచి లేపి ఎంక్వయిరీలో కూర్చోబెడతారు. బావగారు దీన్ని ఇంట్లోనూ అమల్లో పెట్టారు. అత్తాపూర్‌లో తనూ మా అక్కా రెండో అంతస్తులో ఉంటే, వాళ్లమ్మగారికి అదే అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు చూశారు. దూరం లేకపోయినా ఎత్తుంది, చాలన్నారు. ఇంతవరకూ చెప్పుకోదగ్గ ఘటన ఏదీ నమోదు కాలేదు. లిఫ్టులోనే అత్తాకోడళ్లు అప్పుడప్పుడూ ఒకే ఎత్తున ఎదురుపడుతుంటారు. దానికింకా ప్రొసీజర్ రాయలేదు.

కానీ ఈ మనిషిని సరిగ్గా చూడాలంటే వాళ్ల వీధి చివర కిరాణా కొట్లో చూడాలి.

"అర కిలో కందిపప్పు, పావు కిలో చింతపండు, లీటరు వేరుశనగ నూనె."

"సరే సార్."

బావగారు కదలరు. కుర్రాడు ఇంకొకళ్లకి చిల్లర ఇచ్చి తలెత్తుతాడు. ఈయన అక్కడే ఉంటారు.

"ఇస్తా సార్, రెండు నిమిషాలు."

"ఏం చెప్పానో చెప్పు."

"పావు కిలో కందిపప్పు..."

"నెగటివ్. అర కిలో కందిపప్పు."

"అదే సార్. అర కిలో కందిపప్పు, పావు కిలో చింతపండు, లీటరు నూనె."

"ఏ నూనె?"

వెనక పాల ప్యాకెట్ కోసం నిలబడ్డ పెద్దాయనకి ఓపిక అయిపోతుంది. "వేరుశనగ నూనెరా బాబూ! చెప్పేసి పంపించు ఆయన్ని, పాలు విరిగిపోయేట్టున్నాయి."

చాదస్తమా అంటే చాదస్తమే. కాకపోతే ఆయనకి జీతం ఇచ్చేది ఆ చాదస్తానికే. ఎత్తు, దిశ, రన్‌వే నంబరు, ఆల్టిమీటర్‌లో పెట్టుకోవాల్సిన గాలి పీడనం, వీటిల్లో ఏది చెప్పినా పైలట్ తిరిగి అప్పజెప్పాలి. అప్పజెప్పినదాంట్లో తప్పుంటే పట్టుకోవాల్సింది కంట్రోలరే. పట్టుకోకపోతే తప్పు ఈయన ఖాతాలోకీ వస్తుంది. ఉత్త "రోజర్" ఇక్కడ చెల్లదు. నువ్వన్నది వినపడింది అనే దానర్థం, చేస్తానని కాదు. చేస్తాననాలంటే "విల్కో" అనాలి. మా అక్క తన కాపురంలో లెక్కలేనన్ని రోజర్లు చూసింది. విల్కోలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అంకెలు కూడా ఆయన నోట్లో మామూలుగా ఉండవు. రేడియో గరగరలో ఒకదానికొకటి కలిసిపోకుండా త్రీని "ట్రీ" అనీ, ఫైవ్‌ని "ఫైఫ్" అనీ, నైన్‌ని "నైనర్" అనీ పలకాలి. గ్యాస్ సిలిండర్ బుక్ చేస్తూ ఈయన ఫోన్ నంబరు చెబితే అవతలివాళ్లు భాష మార్చమంటారు. ఓసారి బ్యాంకులో ఇంటిపేరు స్పెల్లింగ్ చెబుతూ "వీ ఫర్ విక్టర్" అన్నారు. కౌంటర్‌లో ఆవిడ రాసుకుంటూ "వీ ఫర్ విజయవాడే కదండీ?" అంది. బావగారు చాలాసేపు ఆలోచించి "అఫర్మ్" అన్నారు.

ప్రయాణమంటే ఇంకో తంతు. "ఎప్పుడు బయల్దేరుతున్నామండీ?" అని అక్క అడిగితే "రెడీగా ఉండండి" అంటారే తప్ప "బయల్దేరుతున్నాం" అన్న మాట ఆయన నోటి వెంట రాదు. కారణం వాళ్ల వృత్తిలోనే ఉంది. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫెలో మంచు కమ్మిన రన్‌వే మీద రెండు జంబో జెట్లు గుద్దుకుని 583 మంది పోయారు. అనుమతి రాకుండానే ఒక విమానం పరుగందుకుంది. టవర్ ఇచ్చింది లేచాక పట్టాల్సిన దారి మాత్రమే. ఆ వాక్యంలో టేకాఫ్ అన్న మాట ఉంది. ఆ తరవాత నుంచి కంట్రోలర్లు ఆ మాటని టేకాఫ్‌కి అనుమతి ఇచ్చేటప్పుడో, ఇచ్చింది రద్దు చేసేటప్పుడో తప్ప వాడరు. అంతకుముందంతా డిపార్చర్ అంటారు. బావగారు కూడా కారులో అందరూ ఎక్కి, తలుపులు పడి, గ్యాస్ కట్టేశామా అన్న ప్రశ్నకి జవాబొచ్చాక అప్పుడంటారు "బయల్దేరుతున్నాం" అని. అన్నారంటే కారు కదిలిపోతుంది. మా మేనకోడలి చెప్పు ఒకటి ఓసారి మెట్ల మీదే ఉండిపోయింది.

ఇలాంటి మనిషిని పెళ్లిళ్లలో భోజనాల దగ్గర నిలబెట్టకూడదు. తణుకులో మా చెల్లెలి పెళ్లికి నిలబెట్టాం.

అప్రోచ్ కంట్రోలర్ నేర్పంతా వరసలో ఉంది. నాలుగు వైపుల్నుంచీ వచ్చే విమానాల్లో ఒకదాని వేగం తగ్గించి, ఇంకోదాన్ని కాస్త పక్కకి తిప్పి, అన్నింటినీ ఒకే బారులోకి తెచ్చి రన్‌వేకి అందించాలి. మామూలుగా ముందొచ్చినవాళ్లకి ముందు. ఆపదలో ఉన్న విమానం వస్తే మిగతావి పక్కకి జరగాల్సిందే. చోటు లేకపోతే గాల్లోనే చుట్లు తిప్పుతారు, చుట్టుకి సుమారు 4 నిమిషాలు. తణుకులో రెండో పంక్తి లేవకముందే మూడో పంక్తి జనం గుమ్మం మీద పడ్డారు. బావగారు అడ్డంగా నిలబడి, మగపెళ్లివారిని స్టేజీ వైపు తిప్పారు. వాళ్లు వెళ్లి వధూవరులతో ఫోటో దిగి వచ్చారు. విస్తళ్లు ఇంకా ఎత్తలేదు. మళ్లీ తిప్పారు. మళ్లీ ఫోటో దిగి వచ్చారు. మూడోసారీ అంతే. ఈలోగా షుగరున్న ఒకాయన కళ్లు తిరుగుతున్నాయన్నాడు. ఆయన్ని "ప్రయారిటీ" అని వరస తప్పించి కూర్చోబెట్టారు.

పెద్ద విమానం వెనక గాలి సుళ్లు తిరుగుతుంది. హెవీ తరగతి విమానం వెనక మనం ఎక్కే ఎయిర్‌బస్ లాంటి మధ్యరకంది రావాలంటే 5 మైళ్లు ఎడం ఉంచాలి. మా పెద్దమామయ్య గుమ్మం దాటగానే బావగారు చెయ్యి అడ్డం పెట్టి వెనకున్న పిల్లల్ని ఆపేశారు. పిల్లలు గొణిగారు. మామయ్య కూర్చున్న వైపు గారెల బేసిన్ రెండుసార్లు నిండి, రెండుసార్లు ఖాళీ అయ్యాక గానీ వాళ్లని వదల్లేదు. అది మంచి నిర్ణయమే.

పంక్తులన్నీ ఒక్క తోపులాట లేకుండా లేచాయి. మగపెళ్లివారు మాత్రం ఒకే ఫోటో మూడుసార్లు దిగాల్సొచ్చినందుకు మర్యాద జరగలేదని అలిగారు. ఆల్బమ్‌లో మూడూ ఉన్నాయి. మూడోదాంట్లో ఎవరూ నవ్వడం లేదు.

డ్యూటీల సంగతి క్లుప్తంగా చెబుతాను. మధ్యాహ్నం, పొద్దున్న, రాత్రి, ఆపైన సెలవు. ఆ చక్రానికి ఆదివారం అంటే ఏమిటో తెలియదు. భోగి మంట అందరితో పాటు వేసినా, గారెలు వండేది రోస్టర్ ఒప్పుకున్న రోజే. రాత్రి డ్యూటీ చేసొచ్చిన పూట పడగ్గదికి నల్లటి కర్టెన్లు వేస్తారు, కుక్కర్ కూతలు నిషేధం. పైనుంచి వాళ్లమ్మగారు మిక్సీ వేస్తే కింద ఈయన లేస్తారు. ఎత్తు ఒక్కటే చాలదని అక్క అంటుంది.

డ్యూటీ దిగి వచ్చాక ఇవాళ ఏం జరిగిందని అడగండి, "ఏం జరగలేదు" అంటారు. ఎప్పుడడిగినా అదే. మా ఇంటల్లుళ్లలో తహసీల్దారు ఆఫీసాయన రోజుకో కథ చెబుతాడు, ఎల్ఐసీ ఆయన రెండు చెబుతాడు. ఈయన దగ్గర ఒక్కటీ ఉండదు. ఒక్క రోజు గురించి మాత్రం అడక్కుండానే చెబుతారు. అప్పటికింకా ఆయన ఈ ఉద్యోగంలో లేరు. 1996 నవంబరు 12 సాయంత్రం, హర్యానాలో చర్ఖీ దాద్రీ దగ్గర. ఢిల్లీ నుంచి లేచిన సౌదీ విమానం 14,000 అడుగుల్లో ఉండాలి, ఢిల్లీలో దిగబోతున్న కజకిస్తాన్ విమానం 15,000లో ఉండాలి. కంట్రోలర్ సరిగ్గానే చెప్పాడు, ఎదురుగా విమానం వస్తోందని కూడా చెప్పాడు. కజక్ విమానం చెప్పిన ఎత్తుకన్నా కిందికి దిగిపోయింది. 349 మంది. అప్పట్లో ఢిల్లీ రాడార్‌లో విమానం ఎంత ఎత్తున ఉందో కనపడేది కాదు, వచ్చేవాటికీ పోయేవాటికీ దారి ఒకటే. ఆ తరవాత దారులు విడదీశారు, రాడార్లు మార్చారు, ఎదుటి విమానాన్ని పసిగట్టే యంత్రం తప్పనిసరి చేశారు. ఇదంతా చెప్పి బావగారు కంచంలో మజ్జిగ పోసుకుంటారు. ఆ పూట ఇంక ఎవరూ ఆయన్ని కిటికీ సీటు అడగరు.

ఈ మధ్య మా చుట్టాల్లో ఏటీసీ సంబంధాలు చూస్తున్నారు. చూసేవాళ్లకి ఒక మాట. అబ్బాయి ఆరోగ్యం గురించి వాకబు అక్కర్లేదు, వైద్య పరీక్ష పాసవకుండా వాళ్లని ఆ కుర్చీలో కూర్చోనివ్వరు. జాతకం కన్నా ముందు డ్యూటీ రోస్టర్ అడిగి తీసుకోండి. రాత్రి డ్యూటీ మర్నాడు ముహూర్తం పెట్టకండి, జీలకర్ర బెల్లం దగ్గరే నిద్రపోతాడు. అమ్మాయి నచ్చిందా అంటే "రోజర్" అన్నాడనుకోండి, ఇంకా ఒప్పుకోనట్టే. "విల్కో" అనేదాకా శుభలేఖలు అచ్చుకి ఇవ్వకండి.