పందికొక్కు పరదేశయాత్ర

ఇంగ్లీషు దగ్గర మనం చేసిన మాటల అప్పుకి వడ్డీ కట్టాలంటే సోమశిల నీళ్ళన్నీ అమ్మినా చాలదు. పెన్న మనది, కొండలు మనవి, మట్టి మోసిందీ మనవాళ్ళే. అయినా కట్టింది 'డ్యాము', ఎత్తేది 'గేట్లు', నిలిచేది 78 'టీఎంసీ'లు. మరి మనం వాళ్ళకేమన్నా ఇచ్చామా అని పౌరుషం పుట్టి, నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నాను.

మొదట 'ఆనికట్' తగిలింది. దిగువన సంగం ఆనకట్ట ఉండగా ఇది మనది కాక ఎవరిదవుతుంది అనుకుంటే, పుట్టిల్లు తమిళం అని రాసుంది. 'కర్రీ' తమిళం. 'కట్టమరాన్' తమిళం. ఆఖరికి 'చెరూట్' కూడా తమిళ చుట్టే! ఇక్కణ్ణుంచి కండలేరు మీదుగా చెన్నైకి తాగే నీళ్ళు పోతున్నాయి. ఆ మొహమాటానికైనా ఒక మాట మనకి వదలొచ్చు కదా?

వదిలారు. 'బాండికూట్' దగ్గర మాత్రం నిఘంటువు తడుముకోకుండా తెలుగు అని రాసింది. మూలం మన పందికొక్కు. అష్టదిగ్గజాలు ఏలిన భాషలోంచి దొరలు ఏరి ఏరి మూటగట్టుకున్న మాట అది! పంది కాస్తా బండెక్కింది, కొక్కు కూటయింది.

ఈ శుభవార్త మోసుకెళ్ళి మామకి చెప్పాను.

"ఏందబ్బయా, దాన్ని వాళ్ళు తీసకపోయారా? మరి నా గట్టు కింద ఉండేదేంది?" అన్నాడు.

పోయింది పేరేననీ, కొక్కు ఇక్కడే ఉందనీ తెలిశాక ఆయన ఉత్సాహం చల్లారింది. ఆయకట్టు రైతుకి పందికొక్కు భాషా సమస్య కాదు. కాలవ కట్టకి బొక్క పెట్టి మన నీళ్ళు పక్కవాడి చేలోకి తోలుతుంది. వరి వెన్నులు కొరికి కలుగులో దాచుకుంటుంది. యానాదులు కుండలో గడ్డి రాజేసి కలుగులోకి పొగ ఊది దాన్ని పడతారు. తర్వాత కలుగు తవ్వితే వడ్లు బయటపడతాయి. వాళ్ళకి తెలిసినంత జంతుశాస్త్రం ఎవరికీ తెలీదు. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ దొర కూడా ఈ సీమ జీవాల సంగతులు వాళ్ళనడిగే తెలుసుకున్నాడు. ఇంతకీ ఇందులో పంది ఎందుకొచ్చిందంటే, కోపమొచ్చినప్పుడు ఆ కొక్కు వెంట్రుకలు నిక్కబొడుచుకుని పందిలాగే గుర్రుమంటుంది. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో చాలా దగ్గర్నుంచే విని ఉంటాడు, పాపం.

18వ శతాబ్దం చివర్లో ఆస్ట్రేలియాలో దిగిన ఇంగ్లీషువాళ్ళకి పొడుగు ముక్కుతో నేల తవ్వే జంతువొకటి కనబడింది. దానికి మన కొక్కుతో చుట్టరికం లేదు. కంగారూలాగా పిల్లల్ని సంచిలో పెంచే జాతి అది. అయినా తవ్వడం చూసి బాండికూట్ అనేశారు. అంతటితో ఆగలేదు. అక్కడ పైన మొక్క కదలకుండా కింద బంగాళాదుంపలు తవ్వుకుపోవడాన్ని 'బాండికూట్ చెయ్యడం' అంటారు. మన నామవాచకానికి పైదేశంలో క్రియాపదంగా ప్రమోషన్ వచ్చిందన్నమాట! 1873లో గ్రే అనే శాస్త్రజ్ఞుడు మన కొక్కుల ప్రజాతికి 'బాండికోటా' అని పేరు పెట్టి లాటిన్ తొడుగూ తొడిగాడు. 1996లో 'క్రాష్ బాండికూట్' అనే వీడియోగేమ్ హీరో వెలిశాడు. ఆ హీరో ఇంటిపేరు పందికొక్కని చెబితే మామ మనవడు నాతో మాట్లాడ్డం మానేశాడు.

సంగతంతా విని మామ ఒక్కటే అడిగాడు. "అయితే అక్కడోళ్ళు దానికేం మందు పెడతారు?"

ఇక్కడ ఎలుకల మందు పెట్టి చంపుతాం. అక్కడ విక్టోరియా రాష్ట్రంలో ఒక రకం బాండికూట్ బయట ఎక్కడా కనబడకుండా పోతే, ఏళ్ళ తరబడి పెంచి, కంచెలు కట్టి, నక్కలు లేని దీవుల్లో వదిలి, 2021 నాటికి దాన్ని మళ్ళీ నిలబెట్టుకున్నారు. నక్కలు రాకుండా ఇటలీ జాతి మరెమ్మా కుక్కలకి తర్ఫీదిచ్చి కాపలా కూడా పెట్టారు. పందికొక్కుకి కుక్క కాపలా!

మామ అరుగు కింద పడుకున్న తన కుక్క వంక చూసి గొంతు తగ్గించాడు. "ఈ మాట దాని ముందర చెప్పబాకబ్బయా. అది ఇప్పటికే ఆస్ట్రేలియా ఉద్యోగం చేస్తాండాది."