దూరపు చుట్టాల ప్రయాణం: చేతి చమురు వదలకుండా చేసే ఏర్పాట్లు

పెళ్ళి అమలాపురంలో. చుట్టాలేమో హైదరాబాదు, బెంగళూరు, చెన్నై, డల్లాస్. అమలాపురానికి రైలు లేదు, కోటిపల్లి–నరసాపురం లైను ఇంకా పూర్తికాలేదు. రైల్లో వచ్చేవాళ్ళు రాజమండ్రిలోనో కాకినాడలోనో దిగి ఇంకో అరవై కిలోమీటర్ల దాకా రావాలి. ఆడపిల్ల తండ్రికి గుండె జారేది ఇక్కడే. కంగారు పడకండి, ఆ అరవై కిలోమీటర్లే మీ పాలిట వరం. పిలిచిన పేరు మీకు రావాలి, వచ్చే తిప్పలు వాళ్ళు పడాలి. ముగ్గురు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేసినవాణ్ణి, మీ మేలు కోరి చెబుతున్నాను. ఉన్నదున్నట్టు పాటించండి.

1. శుభలేఖ పన్నెండు రోజుల ముందు పంపండి, అంతకు ఒక్కరోజు ముందు కూడా వద్దు. రైల్వేవాళ్ళు 2024 నవంబరు నుంచి రిజర్వేషను గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. ముహూర్తం పెట్టుకున్ననాడే చెప్పేశారో, సరిగ్గా అరవయ్యో రోజు పొద్దున ఎనిమిదింటికి కూర్చుని టికెట్లు లాగేస్తారు. పన్నెండో రోజుకి గౌతమి, గోదావరి, కోకనాడ అన్నీ వెయిటింగ్ లిస్టులోకి వెళ్ళిపోతాయి. పెళ్ళివారు బోగీ మొత్తం మాట్లాడుకునే పద్ధతి కూడా ఉంది గానీ, దానికి కనీసం నెల ముందు అడగాలి. ఆ దారీ మూసుకుపోతుంది. ఎవరైనా నిష్ఠూరమాడితే “ప్రెస్సువాడు ఆలస్యం చేశాడండీ” అనండి. ప్రెస్సువాడికి ఫోను చేసి కనుక్కున్న చుట్టాన్ని నేనింతవరకు చూడలేదు.

2. ముహూర్తం అర్ధరాత్రి దాటాక పడితే పంతులుగారికి ఇంకో పంచె పెట్టండి. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, రైల్వేకి అర్ధరాత్రితో. మామూలుగా శుభలేఖలో “బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం” అని వేస్తారు. ఆ ముక్క కొట్టేయించి “గురువారం రాత్రి 2.14 గంటలకు” అని మాత్రం వేయించండి. ఊళ్ళోవాళ్ళకు ఎలాగూ నోటితో చెబుతారు, వాళ్ళు తప్పిపోరు. దూరంవాళ్ళు గురువారం సాయంత్రానికి నింపాదిగా దిగుతారు.

మా రెండో అమ్మాయి పెళ్ళికి మా పెద్ద బావగారు పదకొండు మందిని వెంటేసుకుని అలాగే దిగారు. షామియానా విప్పుతున్నారు. గాడిపొయ్యి మీద నీళ్ళు కూడా చల్లేశారు. విడిదిలో రెండు గదులు, పదకొండు మంది రెండు పూటల భోజనం మిగిలాయి. తెచ్చిన చదివింపులు వెనక్కి పట్టుకెళ్ళలేరు కదా, మా ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళారు. అక్కయ్య కళ్ళు తుడుచుకుంటుంటే “క్యాలెండరు ప్రకారం గురువారమే కదక్కా” అన్నాను. నిజమే మరి, అచ్చులో తప్పు లేదు. మూడో అమ్మాయి పెళ్ళికి వాళ్ళ ఇంటినుంచి ఒక్కరూ రాలేదు. ఇంకో పదకొండు విస్తళ్ళు కలిసొచ్చాయి.

3. హైదరాబాదు నుంచి అమలాపురానికి నేరుగా రాత్రి బస్సులున్నాయన్న మాట మీ నోట రాకూడదు.

4. పెద్ద చుట్టాలకు “టికెట్లు మేమే తీస్తాం, మీరు నిశ్చింతగా ఉండండి” అని మాటివ్వండి. ఇచ్చాక మరిచిపోండి. ముందురోజు తత్కాల్ ఏసీకి పదింటికి, స్లీపరుకు పదకొండింటికి తెరుస్తారు. మీరు టిఫిను చేసి, ఓ కునుకు తీసి, పన్నెండింటికి ఫోను తీయండి. వెయిటింగ్ లిస్టే వస్తుంది, అదే కొనండి. ఆన్‌లైనులో కొన్న వెయిటింగ్ టికెట్ చార్టు వేసేసరికి ఖాయం కాకపోతే దానంతటదే రద్దవుతుంది. కొద్దిపాటి కోత పోను డబ్బు కొన్నవాడి ఖాతాకే తిరిగి వస్తుంది. కొన్నది మీరు. టికెట్ ఫొటో వాళ్ళకు పంపారు కాబట్టి మాట నిలబెట్టుకున్నట్టే.

5. ఇంతా చేసినా కొందరు వచ్చేస్తారు. వాళ్ళకు “రాజమండ్రిలో దిగండి, కారు ఉంటుంది” అని చెప్పండి. అక్కడ రాజమండ్రి స్టేషను, గోదావరి స్టేషను వేరువేరుగా ఉన్నాయి. ఏదని అడిగితే “ఏదైనా ఒకటే లెండి” అనండి. వాళ్ళు దిగినచోట కాక రెండో దాని దగ్గర కారు పెట్టించండి. ఒకటే కారు చాలు. తెల్లవారుజామున దిగినవాళ్ళను తొమ్మిదింటి బండివాళ్ళు వచ్చేదాకా కూర్చోబెట్టి, అందరినీ ఒకే ట్రిప్పులో ఎక్కించాలి. డీజిలు మిగులుతుంది. డ్రైవరు నంబరు ఇచ్చేటప్పుడు ఒక అంకె తక్కువ ఇవ్వండి. మీ ఫోను మాత్రం చిన్నపిల్లలెవరికైనా అప్పగించండి, “నాన్నగారు పూజలో ఉన్నారు” అన్న ఒక్క ముక్క నేర్పండి. పెళ్ళింట పూజ ఎన్ని గంటలు సాగినా అడిగేవాడు లేడు.

6. డల్లాస్ వాళ్ళకు యూట్యూబ్ లింకు పంపితే సరి. టైము పక్కన “భారత కాలమానం” అని రాయకండి. చదివింపుల క్యూఆర్ కోడు మాత్రం పెద్దదిగా, స్పష్టంగా వేయించండి.

7. వచ్చినవాళ్ళు తిరిగి ఎలా వెళతారని మీరు అడగొద్దు. అడిగితే బండి మాట్లాడాల్సి వస్తుంది. అప్పగింతలవేళ కళ్ళు ఎర్రగా పెట్టుకుని లోపలి గదిలో పడుకోండి. పిల్లనిచ్చిన తండ్రిని ఎవరూ లేపరు.

శుభలేఖల కట్ట ప్రెస్సునుంచి వచ్చేసిందా? విప్పకండి. బీరువాలో పెట్టి తాళం వేసి, పన్నెండో రోజున తీయండి.