వార్డు అభివృద్ధి కోసం మలేసియా

పార్టీ మారిన కౌన్సిలరు తన కోసం మారిన దాఖలా ఈ రాష్ట్రంలో ఒక్కటీ లేదు. కొత్త కండువా మెడలో పడగానే మైకు ముందు ఆయన అనే మాట ఒకటే: మా వార్డు అభివృద్ధి కోసమే. ఇన్నేళ్లుగా ఇంతమంది ఇన్నిసార్లు త్యాగం చేశాక మన వార్డులు ఈపాటికి సింగపూరైపోయి ఉండాలి. ఎందుకో కౌన్సిలర్లే అటు వెళ్లి చూసి వస్తున్నారు.

2025 ఏప్రిల్‌లో విశాఖలో ఈ త్యాగం పరాకాష్ఠకు చేరింది. 98 వార్డులున్న ఆ కార్పొరేషన్‌లో 2021లో వైసీపీ 58 గెలిచింది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం మారేసరికి చాలామంది కార్పొరేటర్లకు తమ వార్డు వెనకబడి ఉందన్న సంగతి ఒక్కసారిగా తెలిసొచ్చింది. మేయరు మీద అవిశ్వాసానికి నాలుగేళ్లు ఆగాలని చట్టం. ఆ గడువు మార్చిలో తీరింది. కొందరు మలేసియాలో, మరికొందరు శ్రీలంకలో వార్డు సమస్యల మీద లోతుగా అధ్యయనం చేశారు. ఏప్రిల్ 19న తీర్మానం నెగ్గడానికి కావలసిన ఓట్లు 74, పడ్డవి 74. ఇంత కచ్చితమైన లెక్క మీ ఇంటిపన్ను నోటీసులో ఎప్పుడైనా చూశారా?

ఇదేదో ఒక పార్టీ జబ్బు అనుకోకండి. 2021లో ఎన్నికలు జరిగిన పట్టణాల్లో తాడిపత్రి తప్ప దాదాపు ప్రతి పీఠమూ వైసీపీకే దక్కింది. అప్పుడు అభివృద్ధి ఆ దిక్కున ఉండేది, ఇప్పుడు ఇల్లు మారింది.

అసలు సభ్యుల్ని దూరం తీసుకెళ్లి దాచే ఈ క్యాంపు విద్యలో మన తెనాలి, బాపట్ల ప్రాంతానికి పెద్ద వాటానే ఉంది. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించి ముప్పై ఒక్క రోజులు ముఖ్యమంత్రిగా చేసిన నాదెండ్ల భాస్కరరావు అప్పుడు వేమూరు ఎమ్మెల్యే. ఆయనకు చిక్కకుండా తెలుగుదేశం ఎమ్మెల్యేలను కర్ణాటకకు తరలించి, నందికొండల్లో దాచారు. అదైనా ముఖ్యమంత్రి కుర్చీ కోసం జరిగిన పోరు. ఇప్పుడు వైస్ చైర్మన్ కుర్చీకీ బస్సు కడుతున్నారు. పాపం, ఆ కుర్చీ ఒకటి చాలడం లేదని 2021లో చట్టం సవరించి రెండో వైస్ చైర్మన్ పదవిని కూడా పుట్టించారు.

కౌన్సిలరును మాత్రమే తిట్టి లాభం లేదు. ఆయన దగ్గర అమ్ముకోదగ్గది ఇంకేముంది? 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పాలనకు 18 అంశాలు రాసిచ్చింది, కాగితం మీద. నిధులు పైనుంచి రావాలి, టెండరు పైవాళ్లు చూడాలి, వార్డు సచివాలయం సిబ్బంది కమిషనరు మాట వినాలి. వీధిలైటు వెలగలేదని జనం తిట్టేది మాత్రం కౌన్సిలరునే. ఐదేళ్లలో ఆయనకు ధర పలికేది చేయెత్తే రోజు ఒక్కటే. ఆ చేతికున్న విలువ తెలిసినవాడు కనకనే నాయకుడు ఆయన్ని బస్సెక్కించి, ఫోను తీసేసుకుని, వేళకు టిఫిను పెట్టిస్తాడు. విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోతుందని నిబంధన ఉంది. నోటీసు, వివరణ, కోర్టు వాయిదా పూర్తయ్యేలోపు పదవీకాలమే ముగుస్తుంది.

కాబట్టి ఒక మనవి. మలేసియాకు పోసే డబ్బు మన జిల్లాల్లోనే తిరిగేలా చూడండి. తెనాలిలో 40 వార్డులున్నాయి, ఆ కౌన్సిలర్లను దాచడానికి బాపట్ల పక్కనే సూర్యలంక తీరం, రిసార్టులు ఉన్నాయి. బాపట్ల ఇలాంటి ఆతిథ్యానికి తగిన ఊరు కూడా: అక్కడ 2021లో మున్సిపల్ ఎన్నికలే జరగలేదు, ప్రత్యేకాధికారి పాలనలోనే 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమైంది. కౌన్సిలర్లే లేరు కనుక అతిథుల్ని ఎవరూ ఎత్తుకుపోరు. మరీ అనుమానం ఉన్నవాళ్లను రేపల్లె పాసింజరెక్కించండి. ఆ లైను అక్కడితో సరి, పారిపోదామన్నా రైలు వెనక్కి తెనాలికే వస్తుంది.

వెటకారం పక్కన పెడితే, ఈ బాపట్ల జిల్లాలోనే చీరాల ఉంది. 1921లో అక్కడి జనం పన్ను 4,000 రూపాయల నుంచి 40,000కు పెంచిన మున్సిపాలిటీ మాకొద్దని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద ఇళ్లు ఖాళీ చేసి, రామనగర్‌లో పాకలు వేసుకుని పదకొండు నెలలు ఎండకూ వానకూ ఓర్చుకున్నారు. వాళ్లూ ఊరు వదిలిన వాళ్లే, కానీ ఎవరూ టికెట్టు కొనిపెట్టలేదు, హోటలు బిల్లు కట్టలేదు.

ఈసారి ఎన్నికల్లో మీ గుమ్మం ముందు దణ్ణం పెట్టే అభ్యర్థిని రోడ్డు వేయిస్తావా, కాలవ తీయిస్తావా అని అడగకండి. పార్టీ మారాలనిపిస్తే ముందు రాజీనామా చేసి, మళ్లీ మా ఓటు అడుగుతావా అని అడగండి. వీధిలో నలుగురి ముందు జవాబు చెప్పించండి. నీళ్లు నమిలినవాడికి మీ ఓటు వేయకండి.