లాభం, రెండు, మూడు: ఒక కుంచం ఆత్మకథ

మన వైపు వడ్లు కొలిచేవాడు 'ఒకటి' అనడు. మొదటి కుంచాన్ని 'లాభం' అంటాడు. తర్వాతే రెండు, మూడు. కళ్లంలో, గాదె దగ్గర, పెరట్లో ఆ మాట లెక్కలేనన్ని సార్లు విన్నాను. విన్న ప్రతిసారీ నా నోటినిండా వడ్లే. ఎవరికి లాభం అని అడగడానికి వీలు లేకపోయింది. ఇప్పుడు ఖాళీగా ఉన్నాను కనుక నా కథ చెప్పుకుంటాను.

నేను ఇత్తడి కుంచాన్ని. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు నేను. నాలాంటివి నాలుగైతే తూము, ఇరవై తూములు పుట్టి. ఈ ఎక్కం అందరికీ ఒకటే గానీ కుంచం మాత్రం ఊరికో తీరు. పక్క ఊరి కుంచంలో నాకంటే రెండు గుప్పెళ్లు ఎక్కువ పట్టేవి. ఒకే ఊళ్లోనూ ఒకే కుంచాన్ని రెండు రకాలుగా కొలవొచ్చని నేను పుట్టిన ఏడాదే తెలిసింది.

పామర్రు దగ్గర ఒక కామందు ఇంట్లో నా కాపురం మొదలైంది. ఆ ఇల్లు కాలవ గట్టున ఉండేది. కాలవ లేకపోతే ఆ ఇల్లూ లేదు, నేనూ లేను. 1832–33లో వచ్చిన నందన కరువును కృష్ణకు అవతల గుంటూరు సీమవాళ్లు డొక్కల కరువని చెప్పుకునేవారు. జనం ఊళ్లకు ఊళ్లు పోయారు. పక్కనే నిండుగా పారే కృష్ణ ఎవరి పొలానికీ ఎక్కకుండా సముద్రంలో కలిసిపోయేది. కాటన్ దొర పట్టుబట్టాక 1852లో బెజవాడ దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1855కి పూర్తి చేశారు. ఆ పని దగ్గరుండి చేయించింది కెప్టెన్ ఓర్. డెల్టాలో ధాన్యం రాసులుగా పడిందంటే అది ఆ నీళ్ల చలవే. నా ఇత్తడికి డబ్బొచ్చింది కూడా ఆ నీళ్లలోంచే. నీళ్లు అందరి ఊరికీ వచ్చాయి, పొలాలు మాత్రం కొందరివే.

సంక్రాంతి ముందు కళ్లంలో నాకు తీరిక ఉండేది కాదు. కౌలుదారు మక్తా కొలిచేటప్పుడు నా అంచు కనపడకుండా గోపురంలా పోసేవారు. జారి కిందపడ్డ గింజలు కొలతలోకి రావు, అవి కామందు రాశిలోనివే. అదే రోజు సాయంత్రం కూలీలకు కొలిచేటప్పుడు అరచెయ్యి నా నోటి మీదుగా సర్రున పోయేది, అంచుకు సమంగా. గోపురానికీ ఆ అరచేతికీ మధ్య తేడా ఒక మనిషి పూట తిండి. మగకూలీకి పోసినన్ని మానికలు ఆడకూలీకి పోసేవారు కాదు. నాట్లు వేసింది ఆడవాళ్లు, కలుపు తీసింది ఆడవాళ్లు. పాలేరు భార్య కొంగు పట్టుకుని నిలబడి, "అయ్యా, ఇంకొక్క గుప్పెడు" అనేది. ఒక్కోసారి పోసేవారు, ఒక్కోసారి లేదు. వానాకాలంలో తిండిగింజలు లేక అప్పుగా తీసుకున్న రెండు కుంచాలకు పంట నాడు మూడు కొలవాలి. కొంగులోకి వచ్చింది అక్కడే సగం వెనక్కి పోయేది.

కామందు చెడ్డవాడని చెప్పను. తుపాను ఏడాదుల్లో గాదె తెరిచి ఊరందరికీ గంజి పోయించాడు. అది దయ. దయకు కొలత లేదు, ఎప్పుడు ఎంత పోయాలన్నది పోసేవాడి ఇష్టం. కూలి అలా ఉండకూడదు. నేను కొలపాత్రను కనుక ఇది నాకు బాగా తెలుసు.

ఆ ఇంటి చిన్నబ్బాయి బెజవాడలో కాలేజీ చదువు చదివేవాడు. సెలవులకొచ్చి గాదె అరుగు మీద కూర్చుని పైకి చదివేవాడు. ఫ్రాన్సు దేశంలో 1789లో పల్లెల వాళ్లు రాజుకు ఫిర్యాదులు రాసి పంపారట. దొరల కొలపాత్రలు ఊరూరా మారిపోతున్నాయని, పన్ను గింజలు తీసుకునేటప్పుడు అవి పెద్దవవుతున్నాయని అందులో మొరపెట్టుకున్నారట. మీటరూ కిలోగ్రామూ పుట్టడం వెనక ఆ మొర ఉంది. అది విన్న రోజు నాకు సిగ్గేసింది. ధైర్యమూ వచ్చింది. ఇంత దూరాన మా కళ్లంలో జరిగేదే అక్కడా జరిగింది, అక్కడ ఎవరో నోరు విప్పారు. మన దగ్గరా చల్లపల్లి జమీందారీ భూముల కోసం రైతులు, కూలీలు పోరాడారు. ఎన్.జి. రంగా గారు రైతులను కూడగట్టారు. ఆ పోరాటాల వల్ల జమీందారు పోయాడు. పాలేరుకు పొలం రాలేదు.

1952లో పాత ఆనకట్ట తెగింది. దాని బదులు కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957కల్లా తయారైంది, 12 లక్షల ఎకరాలకు పైగా నీరిచ్చింది. అదే కాలంలో, 1956లో, తూనికలు కొలతల చట్టం వచ్చి నా ఉద్యోగం తీసేసింది. 1960ల మొదటికి కళ్లంలో కాటా నిలబడింది, కుంచం బదులు 75 కిలోల బస్తా వచ్చింది. నేను అటకెక్కాను. బాధపడలేదు. కాటాకు గోపురం ఉండదు, కాటా మీద అరచెయ్యి పోదు. కౌలుదారైనా కూలీ అయినా కిలో కిలోనే. చిన్నబ్బాయి చదివి వినిపించిన ఆ మొర ఇక్కడా తీరిందనుకున్నాను.

అటక మీంచి చూస్తూనే ఉన్నాను. పంట పెరిగింది. బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో సాంబ మసూరి ఇచ్చింది. ఆ సన్నబియ్యం దేశమంతా తిన్నది. కామందుల మిగులు ఊళ్లో ఉండలేదు. కొంత బెజవాడ వెళ్లి సినిమా హాలైంది, లారీ అయింది, హోటలైంది, కాలేజీ అయింది. ఆ కాలేజీల్లో చదివిన పిల్లలు హైదరాబాదు, అక్కడి నుంచి అమెరికా వెళ్లారు. నేను కొలిచిన గింజే అంత దూరం నడిచింది. తప్పని అనను. పాలేరు ఇంటికీ కొంత చేరింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక వానాకాలం అప్పుగింజల కోసం గాదె ముందు నిలబడేవాళ్లు తగ్గిపోయారు. ఇది చిన్న సంగతి కాదు. ఆకలి పోయింది. పొలం మాత్రం రాలేదు. 1973 భూసంస్కరణల చట్టం వచ్చే వేళకు కామందు పొలం అన్నదమ్ములు, కోడళ్లు, మనవళ్ల పేర్ల మీదికి పోయింది.

అప్పుడు అర్థమైంది. అన్యాయం కొలతలోంచి కాగితంలోకి కాపురం మార్చింది. ఒకప్పుడు కుంచం ఎవరి చేతిలో ఉందన్నది లెక్క. ఇప్పుడు ఊరి భూముల పుస్తకం అడంగల్‌లో ఎవరి పేరుందన్నది లెక్క. దున్నేది ఒకరు, పేరుండేది ఇంకొకరిది. పీఎం కిసాన్ 6,000 రూపాయలు పేరున్నవారి ఖాతాకే వెళ్తాయి. నదికి అవతలి గట్టున, 2015లో రాజధాని కోసం భూములు తీసుకున్నప్పుడు టీవీలో చెప్పిన లెక్కలు విన్నాను. నీటి వసతి ఉన్న జరీబు భూమి ఎకరా ఉన్నవారికి ఏడాదికి 50,000, పైగా 1,000 గజాల ఇంటి స్థలం, 450 గజాల వ్యాపార స్థలం. భూమి లేని కుటుంబానికి మొదట నెలకు 2,500, అంటే ఏడాది మొత్తానికి 30,000, స్థలం లేదు. ఆ నేలను కౌలుకు దున్నినవాడికి కౌలుదారుగా విడిగా వాటా లేదు.

కామందు మనవళ్లు ఇల్లు అమ్మినప్పుడు అటక మీది సామాన్లు తూకానికి వేశారు. అప్పుడు వాకిలి ఊడుస్తున్న ముసలమ్మ, ఆనాడు కొంగు పట్టిన పాలేరు భార్యకు కోడలు, "బాబూ, ఈ కుంచం నాకిస్తారా" అని అడిగింది. ఇచ్చారు. అలా నేను అటు నుంచి ఇటు వచ్చాను.

ఇప్పుడుండేది విజయవాడ సింగ్ నగర్‌లో, ముసలమ్మ కూతురి ఇంట్లో. కూతురు అపార్టుమెంట్లలో పనిచేస్తుంది, అల్లుడిది ఆటోనగర్‌లో వెల్డింగ్ పని. కొడుకు ఊళ్లోనే మూడెకరాలు కౌలుకు చేస్తున్నాడు, ఆ కామందు మునిమనవడి పొలమే. ఎకరానికి ఇరవై రెండు బస్తాలు మక్తా, పంట పండినా పండకపోయినా. పండితే ముప్పయి చిల్లర. మిగిలిన బస్తాల్లోంచే దుక్కి, ఎరువు, పురుగుమందు, కోతమిషను కిరాయి, వడ్డీ. బ్యాంకు అప్పు దొరకదు, ఎరువుల కొట్టువాడు ఇస్తాడు. పంట వాడికే వేయాలి.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన చేను నీళ్లలో పడుకుంది. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు కౌలు కార్డు అడిగారు. 2011 చట్టంలో కౌలుదారుకు గుర్తింపు ఇవ్వడానికి యజమాని ఒప్పుకోలు అక్కర్లేదు. 2019లో దాని బదులు వచ్చిన చట్టంలో యజమాని సంతకం కావాలి. కొడుకు ఫోను చేస్తే అవతలి గొంతు మర్యాదగానే మాట్లాడింది: "కాగితాలెందుకు బాబాయ్, మనం మనం కాదా?" కార్డు లేదు, పరిహారం లేదు. మక్తా మాత్రం కట్టాడు, అక్క మెళ్లో గొలుసు కుదువపెట్టి.

2024 సెప్టెంబరు మొదటి రోజున బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది. మరుసటి రోజు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు దిగువకు పోయాయి. మా ఇంట్లో మంచం మునిగింది, ఫ్రిజ్ తేలింది, బియ్యం డబ్బా కొట్టుకుపోయింది. నేను ఇత్తడిని కదా, అడుగున కూర్చున్నాను. నీళ్లు తీశాక ముసలమ్మ బురదలో చేతులు పెట్టి వెతికి నన్ను బయటికి తీసింది. చింతపండుతో తోమింది. ఎవరో సంస్థవాళ్లు పంచిన బియ్యం నాలో పోసి వీధిలో ఇంటింటికీ కొలిచింది. అంచు దాకా కాదు, గోపురంగా పోసింది. "లాభం... రెండు... మూడు..." అంటుంటే ఆమె గొంతు వణికింది.

ఇది చదివేవాళ్లలో కృష్ణా డెల్టాలో పొలం ఉండి, కౌలుకిచ్చి, బెజవాడలోనో హైదరాబాదులోనో డాలసులోనో ఉంటున్నవాళ్లు కొందరైనా ఉంటారు. భయమెందుకో నాకు తెలుసు. కార్డు ఇస్తే పొలం పోతుందని పెద్దలు చెప్పి ఉంటారు. ఆ కార్డు గడువు పదకొండు నెలలు. మీ హక్కు జోలికి రాదని చట్టంలోనే రాసి ఉంది. అందులో ఉండేది, ఈ ఏడాది ఈ చేను ఇతను పండించాడన్న ఒక్క నిజం. దాంతో అతనికి బ్యాంకు అప్పు పుడుతుంది, తుపాను వస్తే పరిహారం వస్తుంది. వచ్చే సార్వాకు మీ కౌలుదారు ఫోను చేసి, "అయ్యా, ఒక్క సంతకం" అని అడిగితే, పెట్టండి.