రీస్టార్ట్ శాఖాధిపతి గారికి బహిరంగ లేఖ

మా పేట ఇంటర్నెట్ కంపెనీ ఫిర్యాదుల విభాగాధిపతి గారి దివ్య సముఖమునకు,

విషయం: ఇంటి కంప్యూటర్‌లో నెట్ నత్తనడక నడుచుట గురించి.

అయ్యా,

మీకు ఫోన్ చేస్తే ముందు పాట వినిపిస్తారు. తర్వాత మా కాల్ మీకెంత ముఖ్యమో చెబుతారు. ఆ తర్వాత ఒకమ్మాయి ఎంతో మర్యాదగా, "సార్, ఒకసారి రౌటర్ ఆపి ఆన్ చేయండి" అంటుంది. పేజీ తెరుచుకోకపోయినా అదే మాట, వీడియో ఆగి ఆగి వచ్చినా అదే మాట. తలనొప్పికీ తేలుకాటుకీ ఒకే కషాయం పోసే వైద్యుడి వంశం మీదేమోనని మా ఇంట్లో గట్టి అనుమానం.

రీస్టార్ట్‌ను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. రౌటర్ కూడా చిన్న కంప్యూటరే. వారాల తరబడి ఆగకుండా నడిస్తే దాని మెమరీ నిండి మొరాయించవచ్చు. ఆపి మళ్లీ ఆన్ చేస్తే తేరుకుంటుంది. కొన్ని రౌటర్లు మళ్లీ లేచేటప్పుడు రద్దీ తక్కువున్న వైఫై చానెల్‌ను వెతుక్కుంటాయి కూడా. అందుకే కాసేపు బాగుంటుంది, మీరు టికెట్ మూసేస్తారు. సాయంత్రానికి జబ్బు తిరగబెడుతుంది. కొత్త టికెట్, కొత్త గొంతు, పాత రీస్టార్ట్.

నా మనవి ఒక్కటే. మీ సిబ్బంది చేతిలోని కాగితంలో మొదటి ప్రశ్న మార్చండి: "సార్, వైఫై వదిలేసి, కంప్యూటర్‌ను కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు కలిపి చూశారా?"

కేబుల్‌తో బాగుండి వైఫైలోనే ఈడుస్తుంటే లోపం మా గోడల మధ్యే ఉంది. అప్పుడు మీ లైన్‌మ్యాన్‌ను ఎండలో స్తంభం ఎక్కించే పాపం మాకొద్దు. మా అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఫ్లాట్‌లోనూ ఓ రౌటర్ ఉంది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానితో ఒకటి పేచీ పడకుండా ఇమిడేవి 1, 6, 11 అనే మూడు చానెళ్లే. పక్కింటివాళ్లు మైక్రోవేవ్‌లో కూర వేడి చేసినా గోల అక్కడే. 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువ, వేగం ఎక్కువ. గోడలు దాటడం మాత్రం దానికి కష్టం. మీవాళ్లేమో ఫైబర్ లోపలికొచ్చిన కిటికీ పక్కనే మేకు కొట్టి, ఇనప బీరువా చాటున రౌటర్ తగిలించి సెలవు తీసుకుంటారు. ఇంటి నడిమధ్యకు ఇంకో పది అడుగులు లాగితే ఏం పోయింది?

కేబుల్‌తోనూ నెమ్మదిగా ఉంటే, వచ్చిన అంకెను చూడండి. మా 200 ఎంబీపీఎస్ ప్లాన్ ఎప్పుడు కొలిచినా 94 దగ్గర ఆగేది. మీ మనిషి వచ్చి "సర్వర్ ప్రాబ్లమ్" అని తేల్చి వెళ్లాడు. ఆ అంకెలోనే జవాబుంది. నెట్‌వర్క్ కేబుల్‌లో ఎనిమిది తీగలు. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి, 100కు నాలుగు చాలు. జాక్‌లో మిగతా నాలుగింటిలో ఒక్క తీగ ఊడినా రెండు కొసలూ సాధారణంగా 100కు దిగి సర్దుకుపోతాయి. పైఖర్చులు పోగా చేతికందేది 94, 95. కంప్యూటర్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ 100 అని రాసే ఉంది. వీధి చివర కంప్యూటర్ షాపు కుర్రాడు పాత కొస కత్తిరించి కొత్త జాక్ నొక్కాడు, పని అయిపోయింది.

రెండో ప్రశ్న పింగ్. 1983లో మైక్ మూస్ రాసిన, అవతలి యంత్రం నుంచి జవాబు ఎంతసేపట్లో వస్తుందో కొలిచే ఈ చిన్న ప్రోగ్రామ్ నేటికీ దాదాపు ప్రతి కంప్యూటర్‌లోనూ ఉచితంగా పడి ఉంది. కేబుల్ మీద రౌటర్ నుంచి జవాబు ఒకటి రెండు మిల్లీసెకన్లలో వస్తూ, దగ్గరలోని బయటి సర్వర్ నుంచి వందలకు ఎగబాకితే అడ్డు రౌటర్‌కు అవతలే. అయితే అమెరికాలో ఉన్న అబ్బాయితో మాట్లాడుతుండగా, పక్క గదిలో ఫోన్ పెళ్లి వీడియోలను క్లౌడ్‌కు ఎక్కిస్తోందేమో కూడా అడగండి. అప్‌లోడ్ నిండితే రౌటర్‌లో ప్యాకెట్లు బారులు తీరి అందరి పనీ ఆలస్యమవుతుంది. జిమ్ గెటిస్ 2010 ప్రాంతంలో లోకం దృష్టికి తెచ్చిన బఫర్‌బ్లోట్ ఇదే.

ఇంట్లో ఎవరూ ఏమీ చేయకపోయినా రాత్రి ఎనిమిదింటికే పడిపోతుంటే, ఇక లెక్క మీదే. జీపాన్ ఫైబర్‌లో సుమారు 2.5 జీబీపీఎస్‌ను స్ప్లిటర్‌తో 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. 64 ఇళ్లకు తలా 200 అమ్మితే మొత్తం 12,800 ఎంబీపీఎస్. అందరూ ఒకేసారి అడగరన్న ధీమా మీద నడిచే వ్యాపారమిది; లోకమంతటా అంతే, నేరం కాదు. కానీ ఐపీఎల్ ఫైనల్ రాత్రి అందరూ ఒకేసారే అడుగుతారు. చట్టం చూపించి బెదిరిద్దామంటే, 2023 జనవరి నుంచి మన ప్రభుత్వ నిర్వచనంలో బ్రాడ్‌బ్యాండ్‌కు కనీస వేగం 2 ఎంబీపీఎస్. ఆ గీత మీరెప్పుడో దాటారు, అభినందనలు.

కావున తమరు దయచేసి:

1. కేబుల్ ప్రశ్న, పింగ్ ప్రశ్న అడిగాకే రీస్టార్ట్ మాట ఎత్తించగలరు.

2. మీ సొంత సర్వర్‌తో స్పీడ్ టెస్ట్ చేసి "ఫుల్ వస్తోంది సార్" అనడం మాన్పించి, బయటి సర్వర్‌తోనూ కొలిపించగలరు.

3. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 12.5 మెగాబైట్లే దిగుతాయని ప్లాన్ కాగితం మీదే అచ్చు వేయించగలరు. సగం ఫిర్యాదులు పుట్టకముందే పోతాయి.

4. ఒక్కో స్ప్లిటర్ మీద ఎన్ని ఇళ్లున్నాయో చందా కట్టేముందే చెప్పగలరు. నాలుగోది మీరు చేయరని తెలుసు. మనవి కనుక రాశాను.

ఇట్లు,
బిల్లు పూర్తిగా, వేగం విడతలవారీగా అందుకుంటున్న
తమ విధేయుడు

నకలు: లైన్‌మ్యాన్ గారికి (నిచ్చెన దిగాక చదువుకొనుటకు), కంప్యూటర్ షాపు కుర్రాడికి (కృతజ్ఞతలతో).